బెంజమిన్ ఫ్రాంక్లిన్

బడిచదువు మధ్యలో ఆగిపోయినను, పట్టుదల గలవాడు తనకు తానే గురువు కాగలడనుటకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితము గొప్ప నిదర్శనము. మెరుపులో నున్నది విద్యుచ్ఛక్తియేయని నిరూపించిన శాస్త్రజ్ఞుడుగను, అమెరికా స్వాతంత్ర్యమునకు పాటుపడిన రాజనీతిజ్ఞుడుగను ఈతడు లోకమున ప్రసిద్ధి కెక్కెను. ఆ కీర్తికి మూలము, అతడు బాల్యమునుండియు శ్రమపడి సంపాదించుకొన్న వ్రాతనేర్పు, మాటనేర్పు.

ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. ఆ దినములలో ఆ ప్రాంతము ఆంగ్లేయుల వలసరాజ్యముగ నుండెను. తండ్రి జోసయా కొవ్వువత్తులును సబ్బులును చేసి అమ్ముకొని జీవించువాడు. అతనికి 17 మంది సంతానము. వారిలో బెంజమిన్ 15వ వాడు, కొడుకులలో కడపటివాడు. 8వ యేట అతనిని లాటిను పాఠశాలకు పంపిరి. తరగతిలో ముందుండినను, ఆ చదువు ఖర్చునకు తాళలేక ఏడాది తిరుగక ముందే తండ్రి అతనిని మాన్పించి, వ్రాతయు లెక్కలును నేర్పు బడిలో వేసెను. అచట దస్తూరి కుదిరెను గాని లెక్కలు పట్టుపడలేదు. 10వ యేట ఆ బడియు ముగిసెను. వత్తులు కత్తిరించుట, అచ్చులలో కొవ్వు పోయుట, దుకాణము కనిపెట్టుకొని యుండుట అతని నిత్యకృత్యములయ్యెను.

బాలుని కా పని యేమాత్రమును రుచింపలేదు. అతని మనస్సంతయు పుస్తకముల మీదనే యుండెను. ఇది గమనించి తండ్రి అతనిని 12వ యేట పెద్దకొడుకులలో నొకడగు జేమ్సు నడుపుచున్న ముద్రణాలయమున చేర్చెను. 21వ యేటివరకు అన్న వద్దనే పనిచేయవలెనని ఒడంబడిక వ్రాయించిరి. అచ్చుపనిలో ఫ్రాంక్లిన్ త్వరలోనే ఆరితేరెను. పుస్తకములమ్మువారి వద్ద పనిచేయు కుర్రవాండ్రతో స్నేహము చేసి, సాయంకాలము పుస్తకము తెచ్చుకొని, రాత్రియంతయు మేల్కొని చదివి, తెల్లవారునప్పటికి మాయని పుస్తకమును వారి కప్పగించుచుండెను. 16వ యేట మాంసాహారము మానివేసి, తన భోజనమునకు అన్న యిచ్చు సొమ్ములో సగమే తన చేతికిమ్మని కోరెను. రొట్టెముక్కతోను ఎండుద్రాక్షలతోను కడుపు నింపుకొని, ఆ సగములోను సగము మిగిల్చి పుస్తకములు కొనెను.

ఆ ఊరిలో కాలిన్సు అను మరియొక బాలుడు ఫ్రాంక్లిన్‌కు మిత్రుడు. ఇద్దరికిని వాదములన్న మిక్కిలి ప్రీతి. ఒకనాడు స్త్రీలకు విద్య నేర్పవచ్చునా యను విషయమున వారికి వాదము జరిగెను. స్త్రీలు విద్యకు తగినవారు కారని కాలిన్సు వాదింపగా, తగినవారేయని ఫ్రాంక్లిన్ పట్టుపట్టెను. కాలిన్సు మాటకారి. పదములు అతని నోట తడబాటు లేక దొర్లుచుండెను. తన పక్షమున న్యాయమున్నను, మాట తోచక ఫ్రాంక్లిన్ వెనుకబడుచుండెను. వాదము తేలకుండగనే మిత్రులు విడిపోవలసివచ్చి, మిగిలిన దానిని జాబులలో సాగించిరి.

ఆ జాబులు తండ్రి కంటబడెను. జోసయా పండితుడు కాకపోయినను మంచి వివేకి. వాదములో గెలుపెవరిదను జోలికి పోక, వ్రాసిన తీరును మాత్రము పరిశీలించెను. వర్ణక్రమమునను విరామచిహ్నములందును కుమారుడే మేలుగ నున్నాడనియు, అయితే శైలిలోని సొంపు, విషయమును క్రమముగ పేర్చుట, భావము స్పష్టముగ దెలుపుట అను మూడింటను మిత్రునికి చాల వెనుకబడి యున్నాడనియు చెప్పి, జాబులలోని వాక్యములనే యెత్తి చూపెను. కొందరు బాలురు ఇట్టి మాటకు చిన్నబుచ్చుకొందురు. ఫ్రాంక్లిన్ తండ్రి చెప్పినది న్యాయమని గ్రహించి, ఎట్లయినను తన రచనను బాగుచేసికొనవలెనని నిశ్చయించెను.

నేర్పువారు లేరు. బడికి పోవు వీలును లేదు. ఆ సమయమున 'స్పెక్టేటర్' అను పత్రిక యొక్క సంపుటమొకటి అతని చేత పడెను. అది 1711, 1712 సంవత్సరములలో లండనున అడిసన్, స్టీల్ అను రచయితలు నడిపిన పత్రిక. అందలి వ్యాసములు చిన్నవి, చక్కనివి. ఫ్రాంక్లిన్ వానిని పదేపదే చదివి, అట్లు వ్రాయుట యెట్లని యోచించి, ఒక పద్ధతి ఏర్పరచుకొనెను. ఒక వ్యాసమును తీసికొని, ప్రతి వాక్యములోని భావమును రెండు మూడు మాటలలో గుర్తు వ్రాసికొనువాడు. కొన్ని దినములు దానిని పక్కన నుంచి, పుస్తకము చూడక, ఆ గుర్తుల సాయముతో వ్యాసము నంతయు తన మాటలలో తిరిగి వ్రాయువాడు. పిమ్మట మూలముతో పోల్చి, తప్పులు దిద్దుకొనువాడు.

ఇట్లు పోల్చగా తనకు పదసంపద చాలదని తేలెను. పద్యము వ్రాయువాడు ఛందస్సుకొరకు ఒకే యర్థము గల పెక్కు మాటలను వెదకవలసి వచ్చును. కావున కొన్ని కథలను పద్యములుగ మార్చి, వచనము మరచిన తరువాత ఆ పద్యములను మరల వచనముగ మార్చెను. విషయమును పేర్చు నేర్పు అలవడుటకై ఒక్కొక్కప్పుడు తన గుర్తుల చీటీలను కలగాపులగము చేసి, కొన్ని వారములు గడచిన పిదప వానిని సరియైన వరుసలో కూర్చి వ్యాసము పూర్తిచేసెను. ఎప్పుడైన నొకమారు మూలముకంటె తన వాక్యమే బాగున్నదని తోచినప్పుడు అతని సంతోషమునకు మేర లేకుండెను. ఈ యభ్యాసమున కంతకును అతనికి చిక్కిన సమయము, తెల్లవారి పని మొదలిడకముందును, రాత్రి పని ముగిసిన తరువాతను, ఆదివారములును మాత్రమే.

1721లో జేమ్సు 'న్యూ ఇంగ్లండు కూరంట్' అను వార్తాపత్రికను స్థాపించెను. అతని మిత్రులు దానికి వ్యాసములు వ్రాయుచు, ముద్రణాలయమున కూర్చుండి ముచ్చటించుచుండిరి. తానును వ్రాయవలెనని ఫ్రాంక్లిన్‌కు ఉబలాటము కలిగెను. కాని పనికుర్రవాడుగ నున్న తమ్ముని వ్రాత అన్న అచ్చువేయునా? అందుచే దస్తూరి మార్చి, 'సైలెన్స్ డూగుడ్' అను నడివయస్సు వితంతువు పేర ఒక లేఖ వ్రాసి, రాత్రివేళ ముద్రణాలయపు తలుపు క్రింద నుంచి లోనికి త్రోసెను. మరునాడు జేమ్సు మిత్రులు దానిని చదివి మెచ్చుకొని, ఇది వ్రాసినవారెవరై యుందురని ఊరిలోని విద్యావంతుల పేర్లు తలచుచుండగా, 16 ఏండ్ల బాలుడు ప్రక్కనే పని చేసికొనుచు వినుచుండెను. 1722లో ఇట్టి లేఖలు 14 ప్రకటింపబడెను. నిజము తెలిసిన పిదప మిత్రులు బాలుని ఆదరించిరి గాని, జేమ్సునకు కష్టము తోచెను. తమ్మునికి గర్వము హెచ్చునని అతడు తలచెను. అన్నదమ్ముల కలహములు ముదిరెను, దెబ్బలును తప్పలేదు. తుదకు 1723లో ఫ్రాంక్లిన్ ఒడంబడికను మీరి, ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా నగరము చేరెను. ఇట్లు చేయుట తన జీవితములోని తప్పులలో నొకటియని పెద్దవాడైన పిమ్మట అతడే ఒప్పుకొనెను.

వ్రాత బాగుపడుచుండగా మాటతీరునను ఒక మార్పు వచ్చెను. బాల్యమున ఫ్రాంక్లిన్‌కు ఎదుటివాని మాట ఖండించుటయే సంతోషము. అట్టి వాదములు సభను చెరచుననియు, స్నేహితులు కావలసిన వారిని శత్రువులను చేయుననియు అతడు క్రమముగ గ్రహించెను. సోక్రటీసు సంభాషణములను చదివి, వినయముతో ప్రశ్నించు పద్ధతిని అలవరచుకొనెను. మొదట ఆ ప్రశ్నలతోనే ఎదుటివారిని చిక్కులలో పడవేసి వినోదించెను. కొన్నేండ్లకు అదియు మాని, తన యభిప్రాయమును చెప్పునప్పుడు నిశ్చయముగ ననియు నిస్సంశయముగ ననియు పలుకక, తనకట్లు తోచుచున్నదని మాత్రమే పలుకు నలవాటును మిగుల్చుకొనెను.

ఈ మేలు తన కొక్కనికే కాక తోడివారికిని కలుగవలెనని తలచి, 1727లో ఫిలడెల్ఫియాలో 'జంటో' అను సమాజమును స్థాపించెను. అప్పటి కతని వయస్సు 21 సంవత్సరములు. సభ్యులలో అచ్చుపనివారు, అద్దములు బిగించువాడు, చెప్పులు కుట్టువాడు, వడ్రంగి, భూములు కొలుచువాడు, దస్తావేజులు వ్రాయువాడు, వర్తకుని వద్ద గుమాస్తా ఉండిరి. వీరిలో పెక్కురు చేతిపనులచే బ్రదుకువారు; కళాశాల చదువు లేనివారు. ప్రతి శుక్రవారము సాయంకాలము వీరు సమావేశమగుచుండిరి. నీతి, రాజకీయము, ప్రకృతిశాస్త్రము మొదలగు విషయములపై ప్రతి సభ్యుడును వంతు ప్రకారము ప్రశ్నలు తేవలెను. మూడు నెలల కొకమారు తనకిష్టమైన విషయమును గూర్చి స్వయముగ వ్యాసము వ్రాసి చదువవలెను. ప్రశ్నలను ఒక వారము ముందుగనే తెలుపుటచే, సభ్యులు వానిని గూర్చి చదివి, ఆలోచించి, మాటలు సమకూర్చుకొని వచ్చుచుండిరి.

ఆ సభ నియమములు విచిత్రమైనవి. చర్చ సత్యము తెలిసికొనుటకే గాని గెలుచుటకు కాదు. ఎవడైనను తన మాటయే నిజమని మొండిగ పలికినను, ఎదుటివాని మాటను ముఖము మీద కొట్టినట్లు ఖండించినను, స్వల్పమైన జుల్మానా చెల్లింపవలెను. ఈ నియమము అందరికిని సరిపడలేదు. గణితమున ఆరితేరిన గాడ్‌ఫ్రే అను సభ్యుడు ప్రతి మాటకును లెక్కవంటి ఖచ్చితము కోరి, చిన్న విషయములకు సహితము అడ్డుతగులుచు, కొలది కాలమునకే సభను విడిచెను. మిగిలినవారు నిలిచిరి. సమాజము సుమారు 40 సంవత్సరములు సాగెను. చేరగోరువారు పెక్కండ్రైనను సభ్యులు 12 మందికి మించరాదని నిర్ణయించి, ఒక్కొక్క సభ్యుడును వేరుగ ఇట్టి సమాజమునే స్థాపించునట్లు ఏర్పాటు చేసిరి.

ఆ చిన్న గదిలోని మాటలు ఊరికి గొప్ప మేలు చేసెను. చర్చలకు కావలసిన పుస్తకములు ఒకరి వద్ద నున్నవి మరియొకరి వద్ద లేకుండెను. ఆ కొరత నుండియే 1731లో చందాదారుల గ్రంథాలయము పుట్టెను. 50 మంది మొదట 40 షిల్లింగులును, పిమ్మట ఏటేట 10 షిల్లింగులును చెల్లించిరి. 1736లో ఏర్పడిన అగ్నిమాపక సంఘమునకును అక్కడి వ్యాసమే దారి చూపెను. 1733లో ఫ్రాంక్లిన్ ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు భాషలను స్వయముగ నేర్వ మొదలిడెను. ఇటాలియను నేర్చు మిత్రునితో చదరంగమాడుచు, ఓడినవాడు వ్యాకరణములో కొంత భాగము వల్లించుటయో, అనువాదము చేయుటయో శిక్షగ నుండునట్లు పందెము వేసికొనెను. ఆటయు చదువును జతగా సాగెను.

తాను పడిన పాట్లు పిల్లలకు తప్పవలెనని ఫ్రాంక్లిన్ కోరెను. 1751లో ఫిలడెల్ఫియాలో తెరవబడిన విద్యాశాలకు అతడే మూలపురుషుడు. అందు ఇంగ్లీషు పాఠశాల యుండవలెననియు, విద్యార్థులు ఒకరికొకరు లేఖలు వ్రాయుచు, చదివినదానిని తమ మాటలలో చెప్పుచు, సభలో ప్రసంగించుట నేర్వవలెననియు ప్రణాళిక వ్రాసెను. కాని నిర్వాహకులలో పెక్కురకు లాటిను మీదనే గౌరవము. లాటిను ఉపాధ్యాయునకు ఇంగ్లీషు ఉపాధ్యాయునికంటె రెట్టింపు జీతము నిర్ణయించిరి. ఇంగ్లీషు పాఠశాల క్రమముగ క్షీణించెను. 1789లో, మరణమునకు ఒక సంవత్సరము ముందు, రోగపీడితుడై యుండియు అతడు ఈ యన్యాయమును గూర్చి సుదీర్ఘముగ వ్రాసెను. ఆ విద్యాశాలయే పెరిగి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమైనది.

ఫ్రాంక్లిన్ మహావక్త కాలేదు. సభలో మాటలకై తడుముకొనుచుండెడివాడని తానే వ్రాసికొనెను. అయినను అతడు చెప్పినది నెగ్గుచుండెను. 1766లో స్టాంపుల చట్టమును గూర్చి ఆంగ్లేయ పార్లమెంటు అతనిని పిలిచి ప్రశ్నింపగా, ఆవేశపడక, వలసప్రజల కష్టములను స్పష్టముగ తెలిపెను. మరుసటి నెలలోనే ఆ చట్టము రద్దయ్యెను. 1776లో స్వాతంత్ర్య ప్రకటనను సిద్ధపరచిన అయిదుగురిలో అతడొకడు. పిమ్మట ఫ్రాన్సుకు రాయబారిగ పోయి, 1778లో ఆ దేశపు స్నేహమును సాధించెను.

1787లో అమెరికా సంయుక్త రాష్ట్రములకు రాజ్యాంగము వ్రాయుటకై ఫిలడెల్ఫియాలో సభ కూడెను. ఫ్రాంక్లిన్‌కు అప్పుడు 81 సంవత్సరములు. నెలల తరబడి వాదములు జరిగెను. సంతకములు చేయువేళ కొందరు వెనుదీసిరి. సెప్టెంబరు 17వ తేదీన ఫ్రాంక్లిన్ తన ప్రసంగమును వ్రాసి తెచ్చెను. చదువు శక్తి చాలక పోగా మిత్రుడగు జేమ్సు విల్సను దానిని చదివెను. ఈ రాజ్యాంగములో తనకు నచ్చని భాగములు కలవనియు, అయితే వయస్సు పెరిగిన కొలది తన నిర్ణయమును తానే సందేహించుట నేర్చితి ననియు, తక్కినవారును తమ పట్టుదలను కొంచెము సందేహించి సంతకము చేయవలెననియు అందు కోరెను. ముగ్గురు మాత్రము ఒప్పుకొనలేదు. 39 మంది సంతకములతో రాజ్యాంగము ఆమోదింపబడెను. నిశ్చయముగ పలుకరాదని శుక్రవారపు సభలో చేసికొన్న నియమము, 60 సంవత్సరముల తరువాత ఒక దేశమునకు అక్కరకు వచ్చెను.

తన యింట బానిసల నుంచుకొన్న ఫ్రాంక్లిన్ వృద్ధాప్యమున ఆ తప్పును గ్రహించి, బానిసత్వమును నిర్మూలింపవలెనని 1790 ఫిబ్రవరిలో శాసనసభకు విజ్ఞాపన పంపెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన, 84వ యేట, పరమపదించెను. తన వ్రాతలోని తప్పును తండ్రి చూపినప్పుడు దిద్దుకొన్న బాలుడు, తన నడతలోని తప్పులను కడవరకు దిద్దుకొనుచునే యుండెను. భాష నేర్చుకొనువారికి అతని జీవితము చూపు త్రోవ ఇదియే: ప్రతిదినము కొంత వ్రాయుట, వ్రాసినదానిని దిద్దుకొనుట, పలువురితో కూడి వినయముతో మాటాడుట.