ఒలింపిక్ గోల్డ్ గెలిచాడు.. డ్రెస్సింగ్ రూమ్‌లో ఏడ్చేశాడు! వందేళ్లయినా చెక్కుచెదరని 16 ఏళ్ల బాక్సర్ రికార్డు

ఒలింపిక్స్‌లో గోల్డ్ కొడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. కానీ ఓ కుర్రాడు మాత్రం డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఎందుకంటే.. ఫైనల్లో అతను ఓడించింది తన స్నేహితుడినే! 1924 పారిస్ ఒలింపిక్స్ ఫెదర్‌వెయిట్ బాక్సింగ్‌లో జరిగిన సంగతి ఇది. ఆ కుర్రాడే అమెరికా బాక్సర్ జాకీ ఫీల్డ్స్.

అసలు పేరు జేకబ్ ఫింకెల్‌స్టైన్. 1908 ఫిబ్రవరి 9న చికాగోలో ఓ యూదు వలస కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఆరోగ్యం దెబ్బతినడంతో ఇంటిల్లిపాదీ లాస్ ఏంజెలెస్‌కు మారిపోయారు. అక్కడి లాస్ ఏంజెలెస్ అథ్లెటిక్ క్లబ్‌లో కోచ్ జార్జ్ బ్లేక్ దగ్గర బాక్సింగ్‌లో రాటుదేలాడు. అదే క్లబ్‌లో జో సాలస్ అనే మరో కుర్రాడు కూడా ఉన్నాడు. ఇద్దరికీ దోస్తీ కుదిరింది. ఇద్దరిదీ ఒకటే వెయిట్.

ఇప్పుడైతే ఒలింపిక్స్‌లో ఒక్కో వెయిట్‌కు దేశానికి ఒక్క బాక్సరే. అప్పట్లో ఇద్దరిని పంపేవారు. అలా ఫీల్డ్స్, సాలస్ ఇద్దరూ పారిస్ వెళ్లారు. సుమారు 57 కిలోల ఫెదర్‌వెయిట్ విభాగంలో ప్రత్యర్థులను ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చారు. చివరికి మిగిలింది ఈ ఇద్దరే! అమెరికాకు గోల్డ్, సిల్వర్ రెండూ ఖాయం. కానీ ఆ రెండింటిలో ఎవరికి ఏది అన్నది మాత్రం స్నేహితులే కొట్టుకుని తేల్చుకోవాలి.

ఒకే గదిలో డ్రెస్ మార్చుకుని ఇద్దరూ రింగ్‌లోకి దిగారు. పాయింట్లపై ఫీల్డ్స్ గెలిచాడు. అప్పటికి అతని వయసు 16 ఏళ్ల 162 రోజులు. ఒలింపిక్స్ బాక్సింగ్‌లో ఇంత చిన్న వయసులో గోల్డ్ గెలిచినవాళ్లు ఇప్పటికీ మరొకరు లేరు. కానీ స్నేహితుడిని కొట్టి సాధించిన ఆ గెలుపు అతనికి సంతోషం ఇవ్వలేదు.

ఆ తర్వాత ప్రొఫెషనల్‌గా మారాడు. దారి ఏమంత సాఫీగా సాగలేదు. 1925లో జిమ్మీ మెక్‌లార్నిన్ చేతిలో రెండో రౌండ్‌లోనే నాకౌట్ అయ్యాడు. 17 ఏళ్ల కుర్రాడికి అది మామూలు దెబ్బ కాదు. అయినా తట్టుకుని లేచాడు. 1929లో జో డండీపై గెలిచి వెల్టర్‌వెయిట్ వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. ఏడాది తిరగకుండానే టైటిల్ చేజారింది. 1932లో లూ బ్రూయార్డ్‌ను ఓడించి మళ్లీ లాక్కున్నాడు. 1933లో యంగ్ కార్బెట్ చేతిలో ఓడాడు. అప్పటికే ఓ కంటి చూపు బాగా దెబ్బతింది. దీంతో అదే ఏడాది, పాతికేళ్లకే గ్లవ్స్ విప్పేశాడు.

రింగ్ వదిలాక కూడా జీవితంతో ఫైట్ తప్పలేదు. ఆర్థిక మాంద్యంలో బాక్సింగ్‌లో సంపాదించిందంతా పోయింది. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టి, లాస్ వేగస్‌లోని ట్రోపికానా హోటల్‌లో భాగస్వామి అయ్యే దాకా ఎదిగాడు. 1987లో కన్నుమూశాడు. 2004లో ఇంటర్నేషనల్ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు చేరింది.

ఇప్పటి రూల్స్ ప్రకారం 16 ఏళ్ల పిల్లలకు ఒలింపిక్ బాక్సింగ్ రింగ్‌లోకి ఎంట్రీయే లేదు. కాబట్టి రూల్స్ మారితే తప్ప ఫీల్డ్స్ రికార్డు బద్దలయ్యే ఛాన్స్ లేదు. ప్రపంచమంతా చెప్పుకునే ఆ గెలుపు.. ఆ రోజు అతనికి మాత్రం కన్నీళ్లే మిగిల్చింది.