శెట్టి యను పేరు – గాజుల లక్ష్మీనరసు శెట్టిగారి చరిత్రము

మన సంఘ మహాసభలు జరుగునపుడెల్ల ప్రతినిధుల పట్టికను విప్పి చూచినచో, పేరు చివర శెట్టి యను పదము గలవారు పెక్కుమంది కానవచ్చుచుందురు. తాతల పేళ్లలో నిలిచియున్న యీ పదము మనుమల పేళ్లలో క్రమక్రమముగా తగ్గిపోవుచున్నది. కొందఱు దీనిని మాని గుప్త మొదలగు నితర పదములను చేర్చుకొనిరి. మఱికొందఱు ఇంటిపేరును మాత్రమే వ్రాసికొనుచున్నారు. సామెతలలోను హాస్యకథలలోను శెట్టి యనగా లోభి యనియు, తూకమున మోసగించువాడనియు లోకులు పరిహసించుటయే యిందులకు కొంత కారణమని మా తలంపు. ఈ పేరు విడువదగినదా, నిలుపుకొనదగినదా యను ప్రశ్నకు వాదములకంటె నొక్క జీవితమే మేలైన ప్రత్యుత్తరము కాగలదు. కావున 1806 మొదలు 1868 వఱకు జీవించి చెన్నపట్టణమున ప్రఖ్యాతి గాంచిన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారి చరిత్రమును సంగ్రహముగా పాఠక మహాశయులకు నివేదించుచున్నాము.

మొదట పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. సంస్కృతమున శ్రేష్ఠుడనగా మేలైనవాడు. శ్రేష్ఠి యనగా వర్తక సమూహమునకు పెద్ద. ఈ పదమే పాళీ ప్రాకృతములలో సెట్ఠి యై, దేశభాషలలో సెట్టి, శెట్టి, చెట్టి, సేఠు అను రూపములను దాల్చెను. బుద్ధభగవానునకు జేతవనమును సమర్పించిన శ్రావస్తీ నగరవాసి సుదత్తుడు శ్రేష్ఠియే. దిక్కులేనివారికి అన్నము పెట్టుటచేత అతనికి అనాథపిండికుడను పేరు కలిగెను. శూద్రకుని మృచ్ఛకటికమున న్యాయాధికారి విచారణ జరుపునపుడు శ్రేష్ఠియు కాయస్థుడును అతని చెంత గూర్చుండియుందురు. వంగదేశపు ఉత్తరభాగమున దామోదర్‌పురమున దొరకిన గుప్తరాజుల తామ్రశాసనములలో, పట్టణాధికారికి తోడుగా కార్యములు నడపినవారిలో నగరశ్రేష్ఠి యొకడు. తమిళదేశమున పూర్వరాజులు వర్తకులకు ఎట్టి యను బిరుదమును, దానికి గుర్తుగా బంగారుపువ్వును ఇచ్చుచుండిరి.

ఈ నిదర్శనములను బట్టి చూడగా, శెట్టి యనునది మొదట కులనామము గాదనియు, ధనికుడని మాత్రమే దాని యర్థము గాదనియు తేటపడుచున్నది. అది యొక పదవి. పౌరుల వ్యవహారములను విచారించుటయు, రాజు నెదుట వారి పక్షమున నిలిచి మాటాడుటయు ఆ పదవికి చేరిన భారములు.

తెలుగుదేశమునను ఇట్లే జరిగెను. అయ్యావళి యైనూర్వురు మొదలగు వర్తక సమయములు ఊరూర సంతలను, రేవులను, ధర్మకార్యములను నడపుచుండగా ఆ సమయములలోని పెద్దలు సెట్టులని శాసనములకెక్కిరి. కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము సముద్రవర్తకులకు రాజు లిచ్చిన గౌరవమునకు సాక్షి. కాలక్రమమున పదవి పోయి పేరు మిగిలెను. వైశ్యులు, బలిజలు, దేవాంగులు, పెరికవారు మున్నగు పలువురిలో నిది వ్యాపించెను. తుళునాట బంట్లు శెట్టులు, తమిళనాట నగరత్తారులు చెట్టియారులు, ఘూర్జరదేశమున సేఠులు, సింహళమున హెట్టి యను రూపముతో మొదలగు వంశనామములు పెక్కు గలవు. మలాకా రేవున మలయు భాష మాటాడుచు శివుని కొలుచు చిట్టీలను వర్తకుల సంతతివారు నేటికిని ఉన్నారు. 1860 మొదలు కూలిపనులకై దక్షిణాఫ్రికాకును, అటుపిమ్మట ఫీజీ ద్వీపములకును ఓడలెక్కిన మనవారి సంతతిలో చెట్టి యనునది ఆంగ్లేయ పద్ధతిని వంశనామమై నిలిచినది.

మన తెలుగువారిలో ఇంటిపేరు వేఱు, బిరుదము వేఱు. ఇంటిపేరు ముందు వచ్చును. అది యూరిని గాని, వృత్తిని గాని, పూర్వుని గాని తెలుపును. బిరుదము చివర వచ్చును. కొన్ని వంశములలో మాత్రము పూర్వుని పేరును బిరుదమును కలిసిపోయి పోలిశెట్టి, కొప్పిశెట్టి, అన్నంశెట్టి యని ఇంటిపేళ్లే యైనవి. మన కథానాయకుని పేరున గాజుల యనునది వృత్తిని దలపించు తెలుగు ఇంటిపేరు. శెట్టి యనునది బిరుదము. మొదటిది వారికి పుట్టుకతో లభించినది. రెండవదానిని వారు తమ నడవడిచే సంపాదించుకొనిరని మేము చెప్పుచున్నాము.

లక్ష్మీనరసు శెట్టిగారు 1806వ సంవత్సరమున జన్మించిరి. వీరి తండ్రి సిద్ధులు శెట్టిగారు చెన్నపట్టణమున నీలిమందు వర్తకులు. ఆ కాలమున చెన్నపట్టణము కుంఫిణీవారి కోటను, దాని ప్రక్క ముత్యాలపేట పెద్దనాయకునిపేటలను కూడుకొని సముద్రవ్యాపారమునకు పట్టుగొమ్మయై యుండెను. బాలుడగు లక్ష్మీనరసు చదువు ముగించి తండ్రి వ్యాపారమున ప్రవేశించెను. నీలిమందుతోపాటు బట్టల వర్తకమును వృద్ధిచేసి, విదేశములకు సరుకు నెగుమతిచేసి, గొప్ప విత్తము నార్జించెను. ఇంతవఱకు వీరి చరిత్రము ఆనాటి పెక్కుమంది వర్తకుల చరిత్రమువంటిదే. ఇక్కడనే యాగినచో నేడు మనము వీరిని తలచుకొనవలసిన పని యుండెడిది కాదు.

1844వ సంవత్సరము అక్టోబరు మాసమున వీరు నెలవంక యను అర్థముగల క్రెసెంటు అను నాంగ్లపత్రికను స్థాపించిరి. దేశీయుల కష్టసుఖములను పాలకుల భాషలో పాలకుల చెవిని వేయుటయే దాని యుద్దేశము. ఎడ్వర్డు హార్లీ యను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించి, వ్యయమంతయు తామే వహించిరి. వర్తకమున లాభమునకై పెట్టుబడి పెట్టుట యందఱును ఎఱిగినదే. తిరిగి రాదని తెలిసియు పత్రికకై ధనము వెచ్చించుట ఆనాడు మన దేశమున నూతనమైన దానము.

రెండు సంవత్సరములకే ఆ పత్రికకు పని కలిగెను. గవర్నరు ట్వీడేల్ ప్రభువు సర్కారు పాఠశాలలలో బైబిలును పాఠ్యముగా చేర్పవలెనని 1846లో నిశ్చయించెను. లక్ష్మీనరసు శెట్టిగారు చెన్నపట్టణమున పెద్దసభ కూర్పించి, సీమలోని కుంఫిణీ డైరెక్టర్లకు మహజరు పంపించిరి. 1847లో డైరెక్టర్లు గవర్నరు యోచనను త్రోసివేసిరి. మతము మార్చుకొనినవారికి పితృధనమున హక్కు నిలుపు చట్టమునుగూడ వీరు ప్రతిఘటించిరి. అది 1850లో శాసనమయ్యెను. ఈ రెండవ విషయమున వారి యభిప్రాయమును నేడు మనము అంగీకరింపవలసిన యవసరము లేదు. పెద్దల చరిత్రమున అనుసరింపదగినదానిని గ్రహించుటయు, కాలముతో మారవలసినదానిని విడుచుటయు మనకు ధర్మము.

1853లో పార్లమెంటు కుంఫిణీవారి అధికారపత్రమును మరల పరిశీలింపవలసియుండెను. అదను తెలిసినవాడే వర్తకుడు. వీరు 1852వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మదరాసు నేటివ్ అసోసియేషను అను ప్రజాసంఘమును నెలకొల్పిరి. అది మొదట కలకత్తా బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనునకు శాఖగా నుండి కొన్ని మాసములకే స్వతంత్రమయ్యెను. ఆ సంవత్సరాంతమున సంఘమువారు పార్లమెంటునకు పంపిన మహజరులో రైతుల శిస్తుభారము, నేతగాండ్ర మగ్గములపైనను చేతిపనివారిపైనను పడు మోతుర్ఫా పన్ను, ఉప్పుపై సర్కారు గుత్తాధికారము, న్యాయస్థానములలో ఆలస్యము, బాటలు చెఱువులు పాడగుట, విద్యకు తగిన ధనము వెచ్చింపమి మున్నగునవి వివరింపబడినవి. సంఘము స్థాపించినవారు పట్టణపు ధనికులు. అందు వ్రాసినది పల్లెల బీదల బాధ. ఈ విశేషమును మనము గమనింపవలెను.

కాగితముపై వ్రాసిన మాటను సీమలోనివారు నమ్ముట దుర్ఘటము. 1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సీమూరు దొర మదరాసునకు రాగా, లక్ష్మీనరసు శెట్టిగారు ఆయనతో కూడి దక్షిణ జిల్లాలలో సంచరించి, రైతుల స్థితిని స్వయముగా చూపించిరి. ఆ కాలమున శిస్తు వసూలుచేయు క్రింది యుద్యోగుల చేతిలోనే పోలీసు అధికారమును ఉండెను. శిస్తు బాకీపడిన రైతు వ్రేళ్లను కిట్టి యను కొయ్యపరికరమున నొక్కుటయు, మెడను కాలికి వంచి కట్టి యెండలో నిలుపుటయు, వీపుపై బండ నెత్తుటయు జరుగుచుండెను. వీనిని గూర్చి 1854 జూలై మాసమున కామన్సు సభలో చర్చ జరుగగా, సీమూరు దొర తాను చూచినదానిని సాక్ష్యముగా నిలిపెను. ఆ సంవత్సరమే మదరాసు ప్రభుత్వమువారు ఇలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురతో విచారణసంఘమును నియమించిరి. సుమారు రెండువేల ఫిర్యాదులు ఆ సంఘమునకు చేరినవి. కొందఱు రైతులు తమ యూళ్లనుండి దూరప్రయాణము చేసి వచ్చి స్వయముగా చెప్పుకొనిరి. 1855లో వెలువడిన నివేదికలో చిత్రహింసలు నిజమేయని తేలెను. శిస్తు పనినుండి పోలీసు పనిని వేఱుచేయవలెనని ఆ నివేదిక సూచింపగా, 1859వ సంవత్సరపు మదరాసు పోలీసు చట్టముచే ప్రత్యేక పోలీసుశాఖ యేర్పడెను. మోతుర్ఫా పన్నును తరువాతి కొలదికాలములోనే ఎత్తివేయబడెను. ఇవన్నియు ఒక్కరివలననే జరిగినవని మేము చెప్పము. కాని మొదటి తలుపు తట్టిన చేయి యొక వర్తకునిది.

కుంఫిణీ పాలన తొలగి 1858లో రాణిగారి ప్రభుత్వము వచ్చెను. అంతకుముందు అనుమానముతో చూచిన ప్రభుత్వమే పిమ్మట వీరికి సి. యస్. ఐ. బిరుదము నిచ్చెను. మదరాసు శాసనసభలో తొలి భారతీయ సభ్యులగు సదగోపాచార్యులుగారు 1863లో పరమపదింపగా వారి స్థానమున లక్ష్మీనరసు శెట్టిగారు సభ్యులుగా నియమింపబడిరి. రాజసభలో పౌరుల పక్షమున గూర్చుండు పూర్వకాలపు శ్రేష్ఠి స్థానము ఈ విధముగా మరల నొక శెట్టికి లభించినది.

1868లో వారు కీర్తిశేషులగునాటికి పూర్వపు సంపద నిలువలేదు. పత్రికకును, మహజరులకును, సభలకును, ప్రయాణములకును వారు వెచ్చించినది అంతులేదు. వారి సంఘమును వారితోనే క్షీణించెను. కాని వారు చూపిన బాటలోనే 1878లో హిందూ పత్రికయు, 1884లో మదరాసు మహాజనసభయు పుట్టినవి. ఆ మఱుసటి సంవత్సరమే కాంగ్రెసు అవతరించెను.

శెట్టి యనిన లోభి యని లోకులు హసింతురు గదా! లక్ష్మీనరసు శెట్టిగారి లెక్కపుస్తకమును చివరి పుటవఱకు త్రిప్పినచో కానవచ్చునది లోభము కాదు. ఆ నిందను తొలగించుటకు పేరు మార్చుకొనుట యొక ఉపాయము. పేరును సార్థకము చేయుట మఱియొక ఉపాయము. వారు రెండవదానిని అవలంబించిరి. ఎవ్వరు ఏ పేరు వ్రాసికొనవలెనో నిర్ణయించుట మా పని కాదు. పేరున శెట్టి యను పదమును నిలుపుకొనినవారు దానితో వచ్చు ఋణమును గూడ తలపున నుంచుకొందురుగాక. దానిని విడిచినవారు ఋణము మాత్రము విడువకుందురుగాక యని మా ప్రార్థన.

ఈ ఋణము తీర్చుటకు పార్లమెంటువఱకు పోవలసిన పని లేదు. మన విద్యార్థి వసతిగృహములలో స్థలము చాలక తిరిగిపోవు బాలురును బాలికలును గలరు. కచ్చేరీలో తన యర్జీని చెప్పుకొనలేని నిరుపేద మన వీథిలోనే గలడు. అట్టివారి పక్షమున నొక మాట చెప్పుటకును, ఒక రూకను వెచ్చించుటకును మహాపోషకులును, సంఘసభ్యులును ముందునకు వచ్చిననాడు, గాజుల లక్ష్మీనరసు శెట్టిగారి పేరు ఈ సంచికలోనేగాక మన నడవడియందును నిలుచును. పరమేశ్వరుడు మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక!