తొలినాటి తార కాంచనమాల

సావిత్రి పేరెరిగిన మన చంద్రపూరు విద్యార్థులకు కాంచనమాల పేరు క్రొత్తగా తోచవచ్చును. సావిత్రి కంటె ఒక తరం ముందే తెలుగు ప్రేక్షకుల హృదయాలను చూరగొన్న అభినేత్రి ఆమె.

1917లో తెనాలి ప్రాంతంలో జన్మించిన కాంచనమాల, తెలుగు టాకీ వెలసిన మూడేండ్లకే, 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రంలో మిత్రవిందగా తెరపై కనిపించారు. 1938 ఆమె జీవితంలో మేలిమలుపు. హెచ్.ఎం. రెడ్డి గారి ‘గృహలక్ష్మి’లో సంసారాన్ని చెరచే నర్తకిగా నటించిన ఆమెయే, అదే సంవత్సరం గూడవల్లి రామబ్రహ్మం గారి ‘మాలపిల్ల’లో కథానాయిక అయ్యారు. హరిజనులకు దేవాలయ ద్వారాలు మూసియున్న రోజులవి. అట్టి కాలంలో బ్రాహ్మణ యువకుని వరించిన హరిజన కన్యగా, తొలుత పల్లెపడుచుగా, పిదప విద్యావతిగా ఆమె చూపిన నటన అపూర్వం. రూపాన్ని పొగిడినవారే ఎక్కువ గాని, ఆ పాత్రను అంగీకరించిన సాహసమే గొప్పదని మా భావన.

‘వందేమాతరం’, ‘మళ్ళీపెళ్ళి’, ‘ఇల్లాలు’ చిత్రాలతో కీర్తి శిఖరానికి చేరింది. 1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’ ఘనవిజయం సాధించింది. కాని ఆ సంస్థాధిపతి వాసన్ గారితో ఒప్పందం విషయమై తలెత్తిన వివాదం వలన ఇతర చిత్రాలలో నటించే మార్గం మూసుకుపోయింది. అప్పటికి ఆమె వయస్సు పాతిక మాత్రమే! భర్త క్షయవ్యాధితో మరణించారు. ఆమె మనస్సు చెదిరిపోయింది.

రెండు దశాబ్దాల అనంతరం, నెచ్చెలి లక్ష్మీరాజ్యం తాము నిర్మించిన ‘నర్తనశాల’ (1963)లో ఆమెచే ఒక చిన్న పాత్ర ధరింపజేశారు. మరల ఆమె తెరపై కనిపించలేదు. 1981 జనవరిలో కన్నుమూశారు.