పొగరు కాదు, తెగువ: భాగ్యరెడ్డి వర్మ

ధైర్యం, తెగువ, నిబ్బరం, మొండి పట్టుదల. తెలుగులో గుండెబలానికి మాటల కొదవ లేదు. కానీ వాడలో పుట్టినవాళ్లు తల ఎత్తి మాట్లాడితే ఊరు ఆ మాటలేవీ వాడదు. పొగరు అంటుంది. ఒకే గుణానికి కులాన్ని బట్టి రెండు పేర్లు. ఈ పేర్ల రాజకీయాన్ని వందేళ్ల కిందటే పట్టుకున్నవాడు భాగ్యరెడ్డి వర్మ.

1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో మాదరి భాగయ్యగా పుట్టాడు. తర్వాత భాగ్యరెడ్డి అయ్యాడు. వర్మ అన్నది ఆర్య సమాజం ఇచ్చిన బిరుదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా వాడవాడకూ ఆత్మగౌరవం మాట చేరవేశాడు. 1911లో అది మన్యసంఘం అయింది. దళిత పిల్లల కోసం బడులు తెరిచాడు. ఆడపిల్లలను జోగినులుగా వదిలే ఆచారంపై, తాగుడుపై ఏళ్ల తరబడి పోరాడాడు. చప్పట్లు రాని ఈ రోజువారీ పనికి సరైన పేరు నిబ్బరం.

తెగువ 1917 నవంబరులో బెజవాడలో కనబడింది. పంచమ మహాజన సభకు ఆయనే అధ్యక్షుడు. సభ రోజుల్లో అంటరానివాళ్లు వస్తారన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఆయన మాత్రం గుడి తలుపుల కంటే ముందు సభ పేరునే ప్రశ్నించాడు. పంచమ అనే అయిదో వర్ణం ఎక్కడా లేదని, తాము ఈ నేల తొలి బిడ్డలమని వాదించాడు. పిలిచినవాళ్లు పెట్టిన పేరును, వాళ్ల వేదిక మీదే కాదన్నాడు. ఆ సభ ఆది ఆంధ్ర సభగా మారింది.

పేరు మారితే ఆకలి తీరదు, భూమి రాదు. ఆ సంగతి ఆయనకు తెలియదని కాదు. అందుకే బడులు మానలేదు, సంఘం వదల్లేదు. అయితే ఎదుటివాడు పెట్టిన పేరుతో హక్కు అడిగితే అది దయగానే వస్తుందని గ్రహించాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని దళితులను ఆది హిందువులుగా నమోదు చేశారు. సభలో అన్న మాట సర్కారు కాగితాల్లోకి ఎక్కింది.

1939 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. ఈ రోజుకీ ప్రశ్న అడిగిన దళిత విద్యార్థికి పొగరుబోతు అన్న ముద్ర పడుతూనే ఉంది. మన నిఘంటువును మనమే దిద్దుకోవాలన్నది బెజవాడ సభ నేర్పిన పాఠం.