అండానికి పట్టిన తాళం – గ్రెగరీ పింకస్

కుటుంబ నియంత్రణ మాత్ర పేరు వినని ఇల్లు మన తరంలో లేదు. ఆ మాత్ర వెనుక ఉన్న గ్రెగరీ గుడ్విన్ పింకస్ పేరు కూడా సభ్యుల్లో కొందరికి తెలిసే ఉంటుంది. అంతకు పాతికేళ్ళ ముందు ఆయన కుందేలు అండంలో గమనించిన సంగతిని మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోరు. నా దృష్టిలో మాత్ర కంటే అదే గొప్పది.

పింకస్ 1903 ఏప్రిల్ 9న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వుడ్‌బైన్‌లో జన్మించారు. రష్యా నుంచి వలస వచ్చిన యూదులు వ్యవసాయం చేసుకునే ఊరది. 1927లో హార్వర్డ్ నుంచి డాక్టరేటు పొంది, 1931లో అక్కడే అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యారు.

ఆడశిశువు తల్లి గర్భంలో ఉండగానే అండకణాలు క్షయకరణ విభజన మొదలుపెడతాయి. క్రోమోజోములు జతకట్టి, భాగాలు మార్చుకున్నాక విభజన అక్కడే నిలిచిపోతుంది. అంటే మనలో ప్రతి ఒక్కరికీ మూలమైన అండం, మన అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారై ఆగిపోయిందన్నమాట! అయిదో నెల గర్భంలో అరవై, డెబ్బై లక్షల దాకా ఉండే ఈ కణాలు పుట్టేనాటికి పది, ఇరవై లక్షలకు తగ్గుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400. కొన్ని పన్నెండేళ్ళు, కొన్ని నలభై ఏళ్ళకు పైగా అలాగే వేచి ఉంటాయి. ఇంతకాలం ఆగడం వల్లనే వయసు మళ్ళిన తల్లుల అండాల్లో క్రోమోజోముల పంపకం తప్పే అవకాశం పెరుగుతుంది. పీయూష గ్రంథి హార్మోను ఉప్పొంగినప్పుడు అండం మళ్ళీ కదిలి, మొదటి విభజన ముగించి, రెండో విభజన మధ్యలో మరోసారి ఆగుతుంది. వీర్యకణం చేరితేనే అది పూర్తవుతుంది.

ఆపుతున్నది ఎవరు? 1935లో పింకస్, ఎంజ్‌మన్ కుందేలు అండాలను పుటికలోంచి బయటకు తీసి గాజుపాత్రలో ఉంచారు. ఏ హార్మోనూ ఇవ్వకుండానే కొన్ని గంటల్లో అవి విభజన తిరిగి మొదలుపెట్టాయి. కాబట్టి తాళం అండంలో లేదు, చుట్టూ ఉన్న పుటిక కణాలే దాన్ని ఆపుతున్నాయని వారు తేల్చారు.

ఆ రోజుల్లోనే ఆయన తండ్రి లేని కుందేళ్ళను పుట్టించే ప్రయోగాలు చేయడంతో పత్రికలు గగ్గోలు పెట్టాయి. హక్స్‌లీ నవలలోని సీసా శిశువులతో ముడిపెట్టి రాశాయి. హార్వర్డ్ ఆయన ఉద్యోగాన్ని కొనసాగించలేదు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషికి ముప్పై అయిదేళ్ళయినా నిండకుండా అది ఎంత దెబ్బో, జీతం మీద బతికిన మనకు వేరే చెప్పనక్కరలేదు. మిత్రుడు హడ్సన్ హోగ్లండ్ 1938లో వూస్టర్‌లోని క్లార్క్ విశ్వవిద్యాలయానికి పిలిపించి చోటు చూపారు. 1944లో ఇద్దరూ కలిసి స్థానికుల విరాళాలతో సొంత పరిశోధన సంస్థ స్థాపించారు. తొలినాళ్ళలో డబ్బు చాలక జంతువుల బోనుల సంగతి పింకస్, పచ్చిక కోయడం హోగ్లండ్ చూసుకునేవారు.

తరువాతి కథ తెలిసిందే. మార్గరెట్ సాంగర్ ప్రోద్బలం, కేథరిన్ మెకార్మిక్ ధనం, చాంగ్ ప్రయోగాలు, డాక్టర్ జాన్ రాక్ వైద్యం కలిసి మాత్ర తయారైంది. 1960లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. అయితే 1956 నుంచి ప్యూర్టోరికోలో పేద స్త్రీల మీద పరీక్షించినప్పుడు, అది ఇంకా ప్రయోగదశలో ఉందని వారికి సరిగా చెప్పలేదు. దుష్ఫలితాల గురించి వారు చెప్పిన మాటలను పింకస్ తేలిగ్గా తీసుకున్నారు. ఈ విషయంలో ఆయనను సమర్థించలేం.

1967 ఆగస్టు 22న బోస్టన్‌లో రక్తవ్యాధితో మరణించారు. అప్పటికి 64 ఏళ్ళు.

ఆయన లెక్క ఒకటి తప్పని బ్రతికుండగానే తేలింది. మనిషి అండం బయటకు తీశాక 12 గంటల్లో పక్వమవుతుందని ఆయన రాశారు. దాన్ని నమ్మిన రాబర్ట్ ఎడ్వర్డ్స్ విఫలమై, ఇంకా ఎక్కువసేపు వేచిచూసి, 36 గంటలకు పైగా పడుతుందని 1965లో ప్రకటించారు. ఆ లెక్కతోనే 1978లో తొలి పరీక్షనాళిక శిశువు లూయీ బ్రౌన్ పుట్టింది.

తాళం సంగతి 2009 నాటికి మరింత స్పష్టమైంది. చుట్టూ ఉన్న కణాలు సన్నని మార్గాల గుండా సైక్లిక్ జీఎంపీ అనే చిన్న పదార్థాన్ని అండంలోకి పంపుతుంటాయి. అది ఉన్నంతవరకు అండంలోని సైక్లిక్ ఏఎంపీ తరగదు, విభజన సాగదు. హార్మోను వచ్చినప్పుడు ఆ సరఫరా పడిపోతుంది. గాజుపాత్రలో పింకస్ అండాలకు ఆ సరఫరా మొదటి క్షణం నుంచే లేదు.