టే వంతెన నిర్మాత థామస్ బౌచ్

వంతెనమీద కాలు మోపే ప్రతి మనిషి, తానెన్నడూ చూడని ఒక నిర్మాతను నమ్మి, తన ప్రాణాన్ని అతనికి అప్పగిస్తున్నాడు. ఆ నమ్మకాన్ని నిలుపుకోవడం ఎంత కష్టమో థామస్ బౌచ్ జీవితం మనకు తెలియజేస్తుంది.

బౌచ్ 1822లో ఇంగ్లండు ఉత్తరభాగంలోని థర్స్‌బీ గ్రామంలో జన్మించాడు. తండ్రి ఓడ కప్తానుగా పనిచేసి విరమించినవాడు. బౌచ్ చిన్నవయసులోనే రైలుమార్గాల నిర్మాణంలో ప్రవేశించి, 1849 నాటికి స్కాట్లండులో ఒక రైల్వే కంపెనీకి మేనేజరు, ఇంజనీరు అయ్యాడు. ఫోర్త్ సాగరశాఖపై వంతెన లేని ఆ రోజులలో, పట్టాలు పరచిన ఓడమీదికి సరకుల పెట్టెలను నడిపించి ఆవలిగట్టుకు చేర్చే ఏర్పాటు 1850లో ఆయన చేసినదే. తక్కువ వ్యయంతో మార్గాలు వేయగలవాడని ఆయనకు పేరు వచ్చింది. ఆయన కట్టిన బీలా లోయ వంతెన 1963లో విప్పివేసేదాకా సుమారు నూరేండ్లు చెక్కుచెదరక నిలిచింది. కనుక ఆయనను అసమర్థుడని త్రోసివేయడం న్యాయం కాదు.

డండీ నగరం వద్ద టే నదీముఖంపై 3 కిలోమీటర్లకు పైబడిన వంతెన పని 1871లో ఆరంభమైంది. నదీగర్భంలో రాతిపొర అని భావించినది గట్టిపడిన గులకరాతి పొర మాత్రమేనని పని సాగుతుండగా తేలింది. బరువైన ఇటుక స్తంభాలను మాని, తేలికైన పోత ఇనుప స్తంభాలను నిలిపి, వాటిని ఏటవాలు ఇనుప బద్దెలతో బంధించారు. ఆ బద్దెలను పట్టి ఉంచే చెవులను స్తంభాలతోపాటే పోత పోశారు. కొన్ని పోతలలో ఏర్పడిన బొరియలను మైనం, ఇనుపరజను, మసి కలిపిన ముద్దతో పూడ్చి కప్పిపుచ్చారు. పైకి అంతా నునుపుగానే కనిపించింది.

1878 ఫిబ్రవరిలో ప్రభుత్వాధికారి మూడు రోజులు బరువైన ఇంజన్లను నడిపి వంతెనను పరీక్షించాడు. భారానికి అది నిలిచింది. పెనుగాలి వీచేవేళ మళ్లీ వచ్చి చూడాలని ఆయన తలచినా, అనారోగ్యం వల్ల అది జరుగలేదు. జూన్ 1న వంతెనపై ప్రయాణికుల రాకపోకలు మొదలైనవి. మరుసటి వేసవిలో విక్టోరియా రాణి ఆ వంతెనమీద ప్రయాణించింది. బౌచ్‌కు సర్ బిరుదం లభించింది.

ఈలోగా బద్దెలు వదులై చప్పుడు చేయసాగాయి. తనిఖీ బాధ్యత వహించినవాడు తాపీపనిలో ఆరితేరినవాడేగాని ఇనుపపని ఎరుగడు. వదులైనచోట ఇనుప ముక్కలు దూర్చి చప్పుడు ఆపాడు, బౌచ్‌కు తెలుపలేదు. రోగిమూలుగు ఆగినంతమాత్రాన రోగం నయమైనట్లా?

1879 డిసెంబరు 28 రాత్రి తుపానుగాలిలో బండి పోతుండగా నడిమి ఎత్తుభాగంలోని 13 దూలాలు బండితో సహా నదిలో కూలాయి. ఒక్కరూ బ్రతుకలేదు. మృతులు సుమారు 75 మంది అని నాటి లెక్క. పేర్లు నిర్ధారణ అయినది 59 మందివే. విచారణలో ఆ పోత చెవులను లాగి పరీక్షించగా, కొన్ని అంచనాలో మూడవవంతు బలానికే విరిగాయి. గాలి ఒత్తిడికి బౌచ్ ప్రత్యేకంగా లెక్క కట్టలేదనీ వెల్లడైంది. రూపకల్పన, నిర్మాణం, పోషణ మూడింటా లోపాలున్నవని విచారణ తేల్చింది. ప్రధాన బాధ్యత ఆయనపైనే పడింది. ఫోర్త్‌పై ఆయన తలపెట్టిన వంతెన ఆగిపోయింది. 1880 అక్టోబరులో, 58వ యేట, ఆయన కన్నుమూశాడు.

1887లో ప్రక్కనే వెలసిన కొత్త వంతెన నేటికీ నిలిచి ఉన్నది. పాత స్తంభాల మొండి పునాదులు దాని ప్రక్కన నీటిపై కనిపిస్తాయి. 1890లో ముగిసిన ఫోర్త్ వంతెనకు గాలి ఒత్తిడిని ముందుగానే ఘనంగా లెక్కించారు. లోకం ఆ పాఠం నేర్చుకొన్నది; వెల మాత్రం ఆ రాత్రి బండిలోనివారు చెల్లించారు. కట్టడానికి రంగు పూయడం వేరు, లోపలి ఇనుమును తట్టి చూడడం వేరు. ఈ భేదం తెలిసినవాడే ఇతరుల ప్రాణాలకు పూచీపడదగినవాడు.