కాలువ చివరి పొలాన్ని మరువని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

కాలువ మొదట్లో ఉన్న రైతు చెరకు వేస్తే చివరనున్న రైతు జొన్నకైనా నీరందక ఆకాశం వైపు చూడవలసి వస్తుంది. ఈ అన్యాయాన్ని లెక్కతోను, క్రమంతోను సరిదిద్దవచ్చునని నమ్మిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వీకులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం. ఆ కుటుంబం మైసూరు సీమకు తరలి వచ్చి, చిక్కబళ్లాపురం చెంత ముద్దేనహళ్లిలో స్థిరపడింది. కన్నడ నేలపై తెలుగు మాట్లాడే ఆ ఇంట విశ్వేశ్వరయ్య జన్మించారు. బెంగళూరులో పట్టభద్రులై, పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. ఖాందేశ్ ప్రాంతంలో పాంజ్రా నది పాయకు అడ్డంగా పైపు సైఫన్ నిర్మించడం ఆయనకు అప్పగించిన తొలి పనులలో ఒకటి. ఒక వైపు దిగిన నీరు పాయ అడుగుగా సాగి, తన ఒత్తిడితోనే అవతలి వైపు పైకి రావడం సైఫన్ పద్ధతి.

పూనా ప్రాంతంలో పనిచేసిన కాలంలో నీటి పంపకాన్ని ఆయన దగ్గరగా పరిశీలించారు. కొద్ది గ్రామాలే నీటినంతా వాడుకోవడం, అతిగా పెట్టిన నీటితో నేల చవుడు బారడం గమనించారు. అందుకు ఆయన ప్రతిపాదించినది బ్లాకు పద్ధతి. ప్రతి గ్రామంలోను అనువైన నేలను గుర్తించి ఖండాలుగా విభజిస్తారు. ఒక భాగంలో చెరకు వంటి పంట, మిగిలిన భాగాలలో తక్కువ నీటితో పండే పైర్లు వేసి, మూడేళ్ల క్రమంలో వాటిని మారుస్తారు. కోరిన పంట వేసుకునే స్వేచ్ఛ పోతుందని రైతులు తొలుత శంకించారు. అయితే ఉన్న నీరే ఎక్కువ గ్రామాలకు చేరడం దీని ప్రయోజనం.

పంచడానికి ముందు నీరు నిలవాలి కదా! ఖడక్‌వాస్లా జలాశయంలో ఏటా వరద నీరు అలుగు మీదుగా వృథాగా పోయేది. ఆనకట్టను ఎత్తు పెంచకుండానే, ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులను 1903లో అలుగుపై అమర్చారు. దానితో సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలిచింది. మట్టం హద్దు దాటగానే తలుపులు తమంతట తామే తెరుచుకొనేవి. వరద తగ్గగానే మూసుకొనేవి.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తగా, నిజాం ప్రభుత్వం ఆయన సలహా కోరింది. ఎగువన నీటిని నిలపాలన్న ఆయన సూచన ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వచ్చి, కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణానికి పూనుకున్నారు. 1912 నుంచి 1918 వరకు దివానుగా సేవలందించారు. మండ్య పొలాలను తడిపే ఇర్విన్ కాలువకు తరువాత ఆయన పేరే పెట్టారు. 1955లో భారతరత్న అందుకొని, 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

1916లో బొంబాయి ప్రభుత్వం నీటిపారుదల పరిశోధనకై ప్రారంభించిన చిన్న విభాగం, ఖడక్‌వాస్లాలోనే జాతీయ సంస్థగా ఎదిగింది. నదులను, కాలువలను చిన్న నమూనాలుగా నిర్మించి, నీరు పారించి, నడకను కొలిచి చూడటం అక్కడి పని. నీటిని ముందు కొలిచి, పిదప విడవాలన్న ఆ క్రమశిక్షణకు విశ్వేశ్వరయ్య జీవితమే నిదర్శనం. తూము ఎత్తకముందే చివరి పొలం వాటా కాగితంపై తేలితేనే ఆ పొలానికి నీరు దక్కుతుంది.